పేరు లేని డబ్బాలు

"ఆ కొంగుముడి విప్పండమ్మా."

మా ఆవిడ విభ ఆ మాట గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే బాగుండేది. మా అమ్మకి అరుపులు కొత్త కావు, ఒకటికి రెండు తిరిగి ఇవ్వగలదు. మెల్లగా అడిగేసరికి వాకిట్లో బల్ల మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే బిగుసుకుపోయింది.

అమ్మ వీపు వెనక మా కుహూ నక్కి ఉంది. నాలుగేళ్ల పిల్ల. చూసినవాళ్లు రెండేళ్లంటారు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. నమలడం ఆపింది గాని మింగలేదు.

"ముడిలో ఏముంటుంది? తాళంచెవులు," అంది అమ్మ.

"పిల్ల నములుతున్నది తాళంచెవులేనా?"

"గిర్రాజ్! విన్నావురా లల్లా? నీ పెళ్లాం నన్ను దొంగని చేస్తోంది!"

ఆవిడ ముద్దుల కొడుకుని నేను, గుమ్మంలో ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా నిలబడ్డాను. కొనేవాడూ అమ్మేవాడూ తగువులాడుకుంటుంటే మధ్యలో నోరు పెట్టిన దళారికే దెబ్బ తగులుతుంది. బజారులో నేర్చుకున్న పాఠం. అందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఒక పక్షం చేరడమేనని విభ చూపు చెప్పింది.

"నిన్న డాక్టరమ్మ ఏమందో మీ అబ్బాయినే అడగండి," అంది.

నిన్న అలీగఢ్‌లో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు కళ్లజోడు తీయడమూ వ్యాపారి తక్కెడ దించడమూ ఒకటే. ఇక బేరం లేదని అర్థం.

"మీరు గోధుమ మానేశామంటున్నారు. పిల్ల రక్తం మానలేదంటోంది," అంది ఆవిడ. "ఈ సీలియాక్ జబ్బులో గోధుమ పేగు లోపలి పొరని కాల్చేస్తుంది. కాలిన పేగు మీద ఎంత నెయ్యి పోసినా ఒంటికి పట్టదు. మీ ఇంట్లో ఎవరో రోజూ పెడుతున్నారు. తెలిసో, తెలియకో. వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే ఢిల్లీ పంపిస్తాను. మత్తిచ్చి, గొట్టం వేసి, ఇంకేం జబ్బుందో వెతుకుతారు. ఇంత తేలికైన పిల్లకి మత్తివ్వడం నాకిష్టం లేదు. ముందు మీ వంటిల్లు వెతకండి."

తిరుగు బస్సులో విభ కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. అన్నీ గోధుమ పొలాలే.

ఇప్పుడు ఆ వెతుకులాట అమ్మ కొంగు దగ్గర ఆగింది.

అమ్మ ముడి విప్పింది. పల్లీ ఉండ, సగం కొరికినది. విభ దాన్ని చిదిమింది, వాసన చూసింది, నాలిక మీద వేసుకుంది. పల్లీ, బెల్లం. అంతకుమించి ఏమీ లేదు.

"పల్లీలు దేంట్లో వేయించారు?"

"నా మూకుట్లో."

"ఏ మూకుడు?"

"ఏకాదశి మూకుడు! నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచి అది గోధుమ మొహం చూడలేదు. నీ మొహం మాత్రం రోజూ చూస్తోంది, దాని ఖర్మ!"

"మరి దాచి పెట్టడమెందుకు?"

"నీ ఎదురుగా పెడితే పప్పుకి పప్పు ఒలిచి చూస్తావు గనక. నీ తనిఖీ అయ్యేలోగా పిల్లకి ఆకలి చచ్చిపోతుంది."

కుహూ మింగేసింది. "దాదీ, ఇంకోటి," అంది.

అమ్మ ముక్కు ఎగరేసింది.

"ఏదో మాడుతోంది!"

విభ వంటింట్లోకి పరిగెత్తింది, వెనకే నేను. కుహూ కోసం పొయ్యి మీద పెట్టిన సామల పాయసం అడుగంటి నల్లబడిపోయింది. చిక్కటి గేదె పాలు, నెయ్యి, దంచిన మఖానా తామరగింజలు, అన్నీ మసి. వంటింటి గుమ్మం పక్కనే, పొయ్యికి వీపు పెట్టి, మా నాన్న బాబూజీ కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు.

"పక్కనే ఉండి ఒక్క కేక వేయలేకపోయారా బాబూజీ?" అన్నాను.

"ఆడవాళ్ల తగువులోకి నన్ను లాగకు," అన్నారు పేజీ తిప్పుతూ.

సబబే అనుకున్నాను. వాకిట్లోంచి అమ్మ గొంతు వినబడింది.

"ఒరే లల్లా, నీ పెళ్లాంతో చెప్పు. ఇవాళ్టి నుంచి దాని కూతురికి అదే పెట్టుకుంటుంది. నేను ముట్టుకోను."

విభ గిన్నె అడుగు గీకుతోంది.

* * *

హాథ్‌రస్‌లో ఇంగువ వ్యాపారం చేసే ఇల్లు మాది. కింద కార్ఖానా, పైన కాపురం. కాబూల్ నుంచి వచ్చే ఇంగువ పాలని పచ్చిగా ఎవరూ తినలేరు. నాలిక బొబ్బలెక్కుతుంది. మైదా, తుమ్మబంక కలిపి, పిసికి, ఆరబెడితే అప్పుడు ముద్ద ఇంగువ అవుతుంది. ఏది ఎంత కలపాలో మా బాబూజీ ముక్కుకి తెలుసు. ఆ ముక్కే మా ఇంటి పెట్టుబడి.

కుహూ జబ్బు పేరు మొదటిసారి విన్ననాడు అందరికంటే ముందు ఇంగువ మాట ఎత్తింది బాబూజీయే. "మన ముద్దలో మైదా ఉంది. పిల్లకి పనికిరాదు," అన్నారు. ఆ సాయంత్రమే మైదాకి బదులు బియ్యప్పిండితో విడిగా ముద్ద కట్టి, ఒక డబ్బా నింపి, కింద బేరాలకి కూర్చునే తన గద్దె వెనక అరలో పెట్టుకున్నారు. అందులోంచి ఆయన చిన్న ఉండలుగా చుట్టిచ్చే గోలీలే వంటింటి డబ్బీకి వస్తాయి. పప్పు తాలింపులో అదే. కుహూ పొట్ట ఉబ్బరానికి పూటపూటా మజ్జిగలో కలిపి పట్టించేదీ అదే. ఆ డబ్బా గురించి ఆ తరవాత ఎవరూ ఆలోచించలేదు.

మిగతా తిండికి కొరత లేదు. అమ్మ ఏకాదశికి తినేవన్నీ కుహూకి రోజూ భోజనమే. కుట్టు గింజల పిండి రొట్టెలు, సగ్గుబియ్యం, సామలు, చెరువుల్లో కాసే సింఘాడా కాయల హల్వా. "నా మనవరాలు నాకంటే పెద్ద భక్తురాలు, ఏడాది పొడుగునా ఉపవాసమే!" అని మొదట్లో అమ్మ నవ్వేది. డాక్టరమ్మ చెప్పినట్టు కొంచెం కొంచెంగా, పదేపదే పెడుతున్నాం. ఉడికించిన బంగాళాదుంప మీద నెయ్యి, అరటిపండులో మీగడ, అన్నంలో వెన్న. పెట్టుబడి పెడుతూనే ఉన్నాం. రాబడి లేదు.

సోమవారం సోమవారం కార్ఖానా తక్కెడలో కుహూని కూర్చోబెడతాం. దానికి అదొక ఆట. గొలుసులు పట్టుకుని రాణీలా కూర్చుంటుంది.

"ఏ దేశపు సరుకిది?" అని అడుగుతారు బాబూజీ.

"కాబూల్!"

"కల్తీ ఏమైనా ఉందా?"

"లేదు బాబా!"

ఈ సోమవారం కూడా అదే ఆట. ఎదుటి పళ్లెంలో పెట్టినవి పోయిన నెల రాళ్లే. ముల్లు నడిమధ్యలో నిలబడింది. తక్కెడలోంచి దింపుతుంటే పిల్ల పక్కటెముకలు నా చేతికి తగిలాయి. వాటి కింద పొట్ట మాత్రం డోలులా ఉంది.

పిల్లని ముట్టుకోనన్న ఒట్టు అమ్మ రెండు పూటలు కూడా నిలబెట్టుకోలేదు. కాని విభతో మాట మానేసింది. ఇద్దరూ నాతోనే మాట్లాడుతున్నారు, ఒకరు లేనప్పుడు ఒకరు.

"నీ పెళ్లాం చీర చూశావా?" అంది అమ్మ, నేను అన్నం తింటుంటే పక్కన చేరి. "మన గోధుమ రొట్టెలు వేరుగా డాబా మీద చేస్తున్నానని గొప్ప. చేసి, ఆ పిండి చీరతోనే కిందికొచ్చి పిల్లని ఎత్తుకుంటుంది. నన్ను మాత్రం కొంగు విప్పమంటుంది."

"చీర మార్చుకుంటోందమ్మా. నేను చూశాను."

"నువ్వు చూసినప్పుడు మార్చుకుంటుంది. చూడనప్పుడో?"

విభ దగ్గర ఇంకో లెక్క ఉంది.

"మొన్న పక్కింటి వాళ్లు పూరీలు పంపితే మీ అమ్మ ఎందుకు తీసుకుంది?"

"ఆవిడ తినడానికి."

"ఆవిడ పళ్లకి పూరీ నలుగుతుందా? ఎవరికోసం తీసుకుంది?" నా భుజం కేసి చూసింది. "మీరు మాత్రం? కార్ఖానాలో మైదా బస్తాల మధ్య తిరిగి, ఆ చొక్కాతోనే దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు."

భుజం దులుపుకున్నాను. తెల్లగా రాలింది. ఆ క్షణం నుంచి నేనూ అనుమానితుల్లో చేరాను. కిందే స్నానం చేసి, బట్టలు మార్చుకుని పైకి వెళ్లడం మొదలెట్టాను. పక్కింటి పూరీలు ఎక్కడికి పోయాయో కూడా కనుక్కున్నాను. అమ్మ వాటిని పాలల్లో నానబెట్టుకుని తింది. ఆ సంగతి చెబితే విభ నమ్మలేదు. నమ్మలేదని అమ్మకి తెలిసి, పెరుగు గిన్నె నేలకేసి కొట్టింది.

ఒకే కప్పు కింద ఇంతమంది ఒకరి చేతులు ఒకరు చూసుకుంటున్నారు. పిల్ల ముద్ద ముద్దకీ మా మొహాలు చూసి తింటోంది. ఏ ముద్ద ఎవరికి కోపం తెప్పిస్తుందోనని.

ఇన్నేళ్ల వ్యాపారంలో నేను కాపలా పెట్టిన బస్తాలోంచి సరుకు పోలేదు. పోయినప్పుడల్లా, నమ్మి తాళం వేయని చోటు నుంచే పోయింది. ఈ ఇంట్లో ఎవరూ తాళం వేయనిది, ఎవరూ చిదిమి చూడనిది, వాసన చూడనిది ఏమిటి?

ఆ ఆలోచన వచ్చినందుకు ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. తరవాత వంటింట్లోకి వెళ్లి ఇంగువ డబ్బీ తీశాను.

* * *

చిన్నప్పుడు గోధుమ గింజలు గుప్పెడు నోట్లో వేసుకుని నమిలి నమిలి జిగురు చేసుకునేవాళ్లం. బియ్యం ఎంత నమిలినా జిగురు కాదు. ఆ మాత్రం శాస్త్రం చాలు నాకు.

డబ్బీలో ఉన్న గోలీలన్నీ గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పల్చటి గుడ్డలో మూటకట్టి, కుళాయి కింద పెట్టి పిసకడం మొదలెట్టాను. బంక కరిగింది. తెల్లటి నీళ్లు పోయాయి. ఇది బియ్యప్పిండి అయితే గుడ్డలో గసి తప్ప ఏమీ మిగలకూడదు.

"ఏం చేస్తున్నారు?" విభ వెనక నిలబడి ఉంది.

గుడ్డ విప్పాను. బూడిదరంగు ముద్ద ఒకటి వేలికి అంటుకుంది. లాగితే సాగింది.

విభ కూడా గోధుమ దేశంలో పుట్టిందే. నేను చెప్పక్కర్లేకపోయింది. పొయ్యి గట్టు పట్టుకుంది.

"నేనే కలిపాను," అంది. "పూటపూటా మజ్జిగలో నా చేత్తో నేనే కలిపి తాగించాను. పొట్ట ఉబ్బిందని ఇంకొంచెం కలిపాను."

"నీకేం తెలుసు?"

"బాబూజీకి తెలియదా?" ఇప్పుడు ఆమె గొంతు మారింది. "కళ్లు మూసుకుని వాసన చూసి ఏ బస్తా ఎప్పటిదో చెప్పే మనిషి. బియ్యప్పిండి ముద్దేదో, మైదా ముద్దేదో ఆయనకి తెలియదంటే నేను నమ్మాలా?"

"పిల్లంటే ఆయనకి ప్రాణం, విభా."

"నేను ప్రాణం సంగతి అడగలేదు. ముక్కు సంగతి అడిగాను."

తట్టిన జవాబు నాకు నచ్చలేదు.

"ఇంకో పూట ఆగు. ఎవరితోనూ అనకు," అన్నాను.

"ఇప్పటిదాకా మీ అమ్మ దాస్తోందని అనుమానపడ్డాను," అంది విభ. "ఇప్పుడు మీరు మొదలెట్టారా?"

"దాచడం కాదు. రూఢి చేసుకోవడం. నాకు కొంచెం మైదా, తుమ్మబంక కలిపి ముద్ద చేసి ఎండబెట్టి ఇవ్వు. ఇంగువ తగలనివ్వకు."

విభ నా మొహం ఒక్కసారి చూసి, పిండి డబ్బా తెచ్చుకోవడానికి డాబా మీదికి వెళ్లింది.

* * *

మా డబ్బాల మీద పేర్లుండవు. మా తాతగారి కాలంలో ఒక గుమాస్తా డబ్బాల మీద రాత చూసి మా కలగలుపు లెక్కంతా పోటీవాడికి అమ్ముకున్నాడట. ఆనాటి నుంచి ఈ గద్దె వెనక అరలో డబ్బాలన్నీ ఒకటే తీరు. "ముక్కున్నవాడికి పేరెందుకురా?" అంటారు బాబూజీ. అవి తెరిచేది ఆయనొక్కరే.

ఇవాళ మధ్యాహ్నం ఆయన పైకి భోజనానికి వెళ్లినప్పుడు నేను తెరిచాను. కింది అరలో చేతికందే ఎత్తులో రెండు ముద్ద డబ్బాలున్నాయి. కంటికి రెండూ ఒకటే. వాసనకీ నాకు ఒకటే, నా ముక్కు బేరాలకే గాని సరుక్కి పనికిరాదు. రెండింట్లోంచీ చెరో ముక్క తీసి కుళాయి కింద పిసికాను. ఎడమ డబ్బాలోది సాగింది. కుడి డబ్బాలోది గసిలా జారిపోయింది.

కుహూది కుడి డబ్బా. రెంటినీ ఉన్న చోటే ఉంచాను.

బాబూజీ వచ్చి గద్దె మీద కూర్చోగానే విభ చేసిచ్చిన ముద్ద ఆయన చేతిలో పెట్టాను.

"ఢిల్లీ బజారు నుంచి నమూనా వచ్చింది బాబూజీ. ఎవరి సరుకో చెప్పండి."

ఆయన కళ్లు మూసుకున్నారు. ముద్దని రెండు వేళ్లతో ముక్కు దగ్గరికి తీసుకుని నిదానంగా ఊపిరి లాగారు. ఈ భంగిమ చూడ్డానికే ఒకప్పుడు బేరగాళ్లు మాట ఆపి నిలబడేవాళ్లు.

"కాబూల్ పాలే," అన్నారు. "ఈ ఏటివి. బంక కాస్త ఎక్కువేశాడు వెధవ. అయినా మంచి ఘాటుంది."

ఇంగువ తగలని ముద్ద అది. మైదా, బంక, అంతే.

నాకు మాడిపోయిన పాయసం గుర్తొచ్చింది. పొయ్యికి వీపు పెట్టుకుని పేజీ తిప్పిన మనిషి గుర్తొచ్చారు. పోయిన చలికాలంలో జ్వరంతో పడుకుని లేచిన దగ్గర్నుంచి పప్పులో ఇంగువ సరిపోలేదని రోజూ అమ్మ మీద విసుక్కోవడం గుర్తొచ్చింది. ముసలితనపు చాదస్తం అనుకున్నాం. అమ్మ వేస్తూనే ఉంది.

"బాబూజీ, మీతో ఒక మాట..." అని మొదలెట్టాను.

అదే వేళకి చమన్‌లాల్ వీధి మెట్లెక్కి వచ్చాడు. ఢిల్లీ బేరగాడు, మా పాత ఖాతాదారు. ఏటా బాబూజీ వాసన చూసి సరేనన్న సరుకే బండికెత్తిస్తాడు, తను చెయ్యి కూడా పెట్టడు.

"రామ్ రామ్ లాలాజీ! మీ ముక్కు చల్లగా ఉందా?"

"దానికేం, నాకంటే ముందే లేస్తుంది," అన్నారు బాబూజీ. చమన్‌లాల్ పడీపడీ నవ్వి గద్దె అంచున కూర్చున్నాడు. నేను నా మాట మింగేశాను. ఇతని ముందు నోరు జారితే సాయంత్రానికి ఢిల్లీలో తెలుస్తుంది. ఇన్ని నెలలుగా మా ఇంటి నుంచి పోయిన సరుకంతా అనుమానంలో పడుతుంది. ముక్కు పోయిన లాలాజీ ఇంగువని ఎవడు కొంటాడు?

అప్పుడు వచ్చింది కుహూ. ఒక చేత్తో మజ్జిగ గ్లాసు, ఇంకో చేత్తో వంటింటి డబ్బీ. పొట్ట ముందుకు తోసుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ.

"బాబా, డబ్బీ ఖాళీ అయిపోయింది. కడుపు నొప్పి. దాదీ గోలీ తెమ్మంది."

డబ్బీ ఖాళీ చేసింది నేను. ఎవరితోనూ అనకు అని విభ నోరు కట్టేసింది కూడా నేనే. అమ్మకి ఏం తెలుసు?

"రారా నా కాబూల్ సరుకా," అని బాబూజీ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. చెయ్యి వెనక్కి చాచారు. వేళ్లు ఎడమ డబ్బా మూత మీద ఆగాయి. అక్కణ్ణుంచి కుడి డబ్బా మీదికి వెళ్లాయి. ఏ డబ్బానీ ముక్కు దగ్గరికి తేలేదు.

తలెత్తి నా కళ్లలోకి చూశారు.

కొనేవాడి చూపు ఏ సరుకు మీదికి పోతుందో చూసుకుని మాట్లాడమని నాకు నేర్పింది ఆయనే. ఇప్పుడు నా చూపు కోసం చూస్తున్నారు. ఆయనకి తెలుసు. ఏ డబ్బా ఏదో తనకి తెలియదన్న సంగతి ఆయనకి తెలుసు. నేను అదిరిపడి చూపు నేలకి దించేశాను. చేసిన పొరపాటు వెంటనే అర్థమైంది. కుడివైపు చూసి ఉంటే సరిపోయేది.

బాబూజీ నవ్వారు. చమన్‌లాల్ వినేలా, ముద్దుగా, పిల్లని అడిగారు.

"చెప్పరా కన్నా, ఇవాళ ఏ డబ్బా?"

"అది!" కుహూ కిలకిలా నవ్వి ఎడమ డబ్బాకేసి వేలు చూపించింది. "రోజూ అదే కదా బాబా!"

"చూశావా చమన్‌లాల్? మా ఇంటి ముక్కు దీనికొచ్చింది!"

మూత తెరుచుకుంది. బాబూజీ గోలీ చుట్టారు. కుహూ నోరు తెరిచింది.

నేనూ తెరిచాను.